తలకిందుల ఏడు

మా నాన్న నోట ‘బాగుంది’ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఇదేం విడ్డూరమమ్మా, తండ్రి మెచ్చుకుంటే మండిపోయే కూతురు కూడా ఉంటుందా అని మీరు బుగ్గలు నొక్కుకుంటే నొక్కుకోండి. మీరు ఆయన్ని ముందు ఎరగరు కాబట్టి అలా అనుకుంటున్నారు.

గూడ్సు బండ్లు బాగుచేసే షెడ్డులో మేస్త్రిగా పనిచేసినంత కాలం ఆయన లోకంలో ఏ వస్తువునీ బాగుందని అనలేదు. కాఫీ ఇస్తే చల్లారిందనేవాడు. చొక్కా కుట్టిస్తే చంక దగ్గర పట్టేస్తోందనేవాడు. నా లెక్కల పుస్తకం తెరిచి, లెక్క సంగతి తర్వాత, ముందు మార్జిను గీత ఎందుకు పక్కకి పోయిందో చెప్పమనేవాడు. నేను చేసుకోబోయే మనిషిని ఇంటికి తీసుకొస్తే ఎగాదిగా చూసి, "మనిషి పర్వాలేదు గానీ, ఎడమ భుజం కాస్త దిగింది" అన్నాడు. అప్పుడు ఏడ్చాను. పెళ్ళయ్యాక ఒకరోజు వెనక నుంచి చూస్తే నిజంగానే దిగి ఉంది. ఆయన పెట్టిన వంక ఎప్పుడూ అబద్ధం కాలేదు, అదీ మా ఖర్మ.

తర్వాత కళ్ళు పోయాయి. ఒక్కసారిగా కాదు, అంచుల నుంచి మొదలై లోపలికి, నెమ్మదిగా. డాక్టరు లైటు వేసి చూసి, ఇక చేసేదేం లేదన్నాడు. అప్పటి నుంచి నాన్న నా దగ్గరే ఉంటున్నాడు. గోడ తడుముకుంటూ నడుస్తాడు, కుర్చీ చూపిస్తే కూర్చుంటాడు, ఏం పెట్టినా, ఏం తొడిగినా "బాగుందమ్మా" అంటాడు. ఒకసారి కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. "బాగుందమ్మా" అన్నాడు. ఆ గిన్నె తీసుకెళ్ళి సింకులో విసిరికొట్టాను. కళ్ళు పోతే పోయాయి, నోరెందుకు పోవాలి? ఎక్కడ బరువైపోతానో అన్నట్టు, చుట్టపుచూపుగా వచ్చినవాడిలా, నా ఇంట్లో ఆ మర్యాదేమిటి?

"మామయ్యగారు మెత్తబడ్డారు, మంచిదేగా" అన్నారు మా ఆయన.

"మెత్తబడటానికి ఆయనేమన్నా పాలల్లో నానేసిన రొట్టెముక్కా?" అన్నాను.

మా ఆయన దిగిన భుజం ఇంకాస్త దించుకుని పేపరు వెనక్కి వెళ్ళిపోయారు.

నా పని పళ్ళ సెట్లు కట్టడం. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తారు, మేం పళ్ళు చేసి పంపిస్తాం. పగలంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు, సాయంత్రమైతే నా గూడ్సు పెట్టెలు. అంటే నిజం గూడ్సు పెట్టెలకి చిన్న నమూనాలు. షాపులో కిట్టు కొనుక్కొచ్చి, ముక్కకి ముక్క అతికించి, నేనే చేశానని చెప్పుకు తిరిగే రకం కాదు నేను. ప్లాస్టిక్ రేకు మీద గీత గీసి, బ్లేడుతో కోసి, ఆకురాయితో అంచు సరిచేసి, ఇత్తడి తీగ వంచి బ్రేకు కడ్డీలు చేసి, చక్రాలు తప్ప తక్కిన ప్రతి ముక్కా నా చేతిలోంచే రావాలి. మా ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనం తప్ప అన్నీ జరుగుతాయని మా ఆయన వచ్చినవాళ్ళందరితో చెబుతుంటారు. చెప్పుకోనివ్వండి. "ఓహో, బొమ్మలా?" అని అడిగినవాళ్ళకి మాత్రం నేను రెండోసారి టీ ఇవ్వను.

ఈ పనిలో మనిషి ఓపిక తేల్చేవి రివెట్లు. నిజం పెట్టెకి రేకులు కలిపి కొట్టిన రివెట్లు వరసలు వరసలుగా ఉంటాయి. నమూనాలో అవి రావాలంటే పల్చటి రేకు తిరగేసి, మొద్దు సూదితో ఒక్కొక్కటే వెనక నుంచి నొక్కాలి. ఎక్కువ నొక్కితే చిల్లు, తక్కువ నొక్కితే కనబడదు, మధ్యలో తుమ్మొస్తే రేకు మొత్తం చెత్తబుట్టలోకి. నేను దానికి పళ్ళ డాక్టర్లు పన్ను పొడిచి చూసే కొక్కెం వాడతాను. మొన అరిగిపోయిందని పారేస్తుంటే తెచ్చుకున్నాను. ఎప్పుడూ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

ఇక మా అన్నయ్య. రెండు వీధుల అవతల ఉంటాడు, మా ఊరి నమూనా రైళ్ళ సంఘానికి కార్యదర్శి. నాకు ఈ పిచ్చి అంటించింది వాడే. వాడు కిట్ల మనిషి. పుస్తకంలో డ్రాయింగు ఎలా ఉంటే అలా ఉండాలి, వెంట్రుకవాసి తేడా వస్తే నిద్రపోడు. రంగు కొట్టడంలో మాత్రం వాడికి తిరుగులేదు. కంప్రెసరూ, పెన్నులాంటి సన్నటి స్ప్రేగన్నూ ఉన్నది మా అందరిలో వాడొక్కడికే. అందుకని సంఘంలో ఎవరు ఏం కట్టినా, రంగూ తుప్పూ మురికీ అన్నీ వేసుకున్నాక, చివర్లో మెరుపు చంపే పూత కోసం అన్నయ్య చేతికి ఇవ్వడం అలవాటు. ఆ పూత పడకపోతే ఎంత గొప్ప పెట్టయినా కొత్త ప్లాస్టిక్ డబ్బాలా మిలమిలలాడుతుంది. నేనూ ఎప్పుడూ అలాగే ఇచ్చేదాన్ని. బంగారంలాంటి అన్నయ్య, బంగారంలాంటి చెయ్యి.

ఈసారి నేను కట్టింది అతుకుల బండిని.

ఆ పేరు షెడ్డువాళ్ళు పెట్టింది. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, గోధుమలు నింపుకుని బయల్దేరబోతున్న గూడ్సులో మధ్య పెట్టెకి పక్కన చిల్లు పడింది. సరుకెత్తే మిషను పొడిచేసింది. గోధుమలు ధారగా కారిపోతున్నాయి. పెట్టె విడదీసే తీరిక లేదు, సిగ్నలు ఇచ్చేశారు. నాన్న పక్కనే పడున్న పాత పెట్టె నుంచి రేకు ముక్క కోయించి ఆ చిల్లు మీద పెట్టి కొట్టించాడు. ఆ ముక్క మీద పాత పెట్టె నెంబరులోని ఏడు అంకె ఉంది. రేకుకి ఒక అంచే గట్టిగా ఉంది, రెండోది తుప్పు తినేసింది. గట్టి అంచు పైకి రావాలంటే ముక్క తిరగెయ్యాలి. తిరగేసి కొట్టారు. ఏడు తలకిందులైంది. బండి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ అతుకు ఎవరూ మార్చలేదు. పెద్ద మరమ్మతుకి వచ్చినప్పుడు చూద్దాంలే అనుకుంటూ, ఆ పెట్టె తుక్కుకి పోయేదాకా అలాగే తిరిగింది. మా యార్డులోకి వచ్చినప్పుడల్లా షెడ్డులో ఒకటే నవ్వులు. నాన్నకి ‘అతుకుల మేస్త్రి’ అని పేరొచ్చింది. నన్ను వేలు పట్టుకుని తీసుకెళ్ళి, ఎత్తుకుని, నా వేలు ఆ రివెట్ల మీద ఒక్కొక్కదాని మీదా పెట్టించేవాడు. "చూడు, వంకర. ఇది చూడు, దీని తల సరిగ్గా అణగలేదు" అనేవాడు. తన పనికీ వంకలు పెట్టుకునే మనిషి. కానీ ప్రతిసారీ తీసుకెళ్ళేవాడు.

పని మొదలుపెట్టిన రోజున ఆయన పక్కన కూర్చుని, "నాన్నా, అతుకుల బండి కడుతున్నాను" అన్నాను.

"అలాగా. మంచిదమ్మా" అన్నాడు.

సరే, ఇంతేలే అనుకుని లేవబోతుంటే, "అతుకు ఏ పక్కన పెడుతున్నావు?" అని అడిగాడు.

ఎంత కాలానికి అడిగాడో ఒక ప్రశ్న! మళ్ళీ కూర్చుండిపోయాను. "తలుపుకి కుడి పక్కన, కింది వరసకి కాస్త పైన" అన్నాను.

"ఊఁ" అన్నాడు. అది ‘బాగుంది’ కాదు. ‘చూద్దాం ఏం చేస్తావో’ అనే పాత ‘ఊఁ’. ఆ ఒక్క ‘ఊఁ’ పట్టుకుని పెట్టె మొత్తం కట్టాను. ఆయన వేలు దాని మీదకి వెళ్ళాలి, అతుకు దగ్గర ఆగాలి, నన్ను తిట్టాలి. నాకు కావలసింది అంతే.

కంటి కోసం కాకుండా వేలి కోసం కట్టాలంటే పని తీరే మారిపోతుంది. మామూలుగా నేను కట్టే సైజులో అయితే రివెట్టు ఆవగింజలో సగం కూడా ఉండదు, ముసలి వేలికి తెలియదు. అందుకని పెద్ద కొలతలో, జానెడు మించి పొడవుండేలా కట్టాను. అతుకుని వేరే రేకుతో చేసి పైన అంటించాను. దాని రివెట్లు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ ఉబికేలా నొక్కాను. మా సంఘంలో ఇది పెద్ద నేరం. కొలతకి మించిన రివెట్టు కనబడితే మావాళ్ళు పచ్చడిలో వెంట్రుక చూసినట్టు చూస్తారు. చూడనీ. కింద బ్రేకు కడ్డీలు కూడా వేలితో తడిమితే తెలిసేలా గట్టి తీగతో వేశాను. ఏడు అంకెని తలకిందులుగా దిద్ది, రంగు వెలిసినట్టు గీకాను. ఆ అంకె నాన్నకి కనబడదని తెలుసు. అయినా దిద్దాను.

తీసుకెళ్ళి అన్నయ్య చేతిలో పెట్టాను. "పూత వేసి ఇచ్చెయ్. నాన్న చేతికివ్వాలి."

వాడు పెట్టె తిప్పి చూశాడు. అతుకు దగ్గర కాస్త ఎక్కువసేపు చూశాడు. "ఇది ఇలాగే ఉంచుతావా?" అన్నాడు.

"ఇలాగే ఉండేది కదరా" అన్నాను. మా ఇద్దరికీ ఏడాదే తేడా, కోపమొచ్చినా ప్రేమొచ్చినా ‘రా’ అనేస్తాను.

"సరే, ఆరడానికి టైము పడుతుంది. ఆదివారం ప్రదర్శన ఉందిగా, తిన్నగా హాలుకే తెస్తాను. నాన్నని అక్కడికే తీసుకురా" అన్నాడు. పోటీలో నా పేరు నన్నడక్కుండానే రాసేశానని కూడా అప్పుడే చెప్పాడు. అప్పుడన్నా నాకు అనుమానం రావద్దూ?

ప్రదర్శన బడి హాల్లో. బల్లల మీద పట్టాలు, చిన్న స్టేషన్లు, గుండ్రంగా తిరిగే రైళ్ళు, వాటి వెనకాల నోళ్ళు తెరుచుకుని తిరిగే పెద్దమనుషులు. న్యాయనిర్ణేత ఒక రిటైరైన డ్రాఫ్ట్స్‌మన్. జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి అందరం ఆయన్ని స్కేలు బాబాయి అంటాం. మేం వెళ్ళేసరికే ఫలితాలు పెట్టేశారు. సొంతంగా కట్టినవాటి బల్ల మీద మధ్యలో నా పెట్టె, దాని ముందు ‘మొదటి బహుమతి’ అని అచ్చేసిన మెరుపుల అట్ట.

మా ఆయన చప్పట్లు కొట్టారు. నేను ముందు మురిసిపోయాను, అబద్ధమెందుకు. తర్వాత పెట్టె వైపు చూశాను. తలుపుకి కుడి పక్కన నున్నగా ఉంది. అవతలి పక్క మనవైపు పెట్టినట్టున్నారులే అనుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాను. అటూ నున్నగానే ఉంది. అతుకు లేదు. ఏడు లేదు. అది ఉన్న చోట రేకు వరసలు చక్కగా కలిసిపోయి, తుప్పు కూడా మహా అందంగా జారి ఉంది. అంత బాగా రంగు కొట్టగలిగినవాడు మా ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అన్నయ్య పెట్టె తీసి, కుర్చీలో కూర్చున్న నాన్న ఒళ్ళో పెట్టేశాడు. "నాన్నా, చెల్లెలికి ఫస్టు ప్రైజు! చూడు" అన్నాడు. చుట్టూ పదిమంది చేరారు.

నాన్న రెండు చేతులతో అందుకున్నాడు. ఎడమ చేత్తో కింద పట్టుకుని, కుడి చూపుడు వేలు పైకప్పు మీద నుంచి దించాడు. తలుపు దొరికింది. తలుపు దాటాడు. అక్కడి నుంచి వేలు నెమ్మదించింది. కింది వరసకి కాస్త పైన, సరిగ్గా అక్కడికి వెళ్ళింది. ఆగలేదు, ఆగడానికి అక్కడేముంది? జారి అంచుదాకా పోయింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. పెట్టె తిప్పి రెండో పక్క కూడా వెతికాడు. ఆయన మొహంలోకి పాత మేస్త్రి ఒక్క క్షణం ముందుకొచ్చి, మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాడు.

"బాగుందమ్మా. చాలా బాగుంది" అన్నాడు. పెట్టెని గాల్లోకి చాచి, ఎవరైనా అందుకుంటారేమోనని అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పెట్టె అందుకుని అన్నయ్య వైపు తిరిగాను.

"అతుకేది?"

"అబ్బా, ఇప్పుడా? తర్వాత మాట్లాడుకుందాం."

"అతుకేదిరా?"

"సర్దాను" అన్నాడు.

సర్దాడట! బ్లేడు దూర్చి, నేను ఒక్కొక్కటే నొక్కిన రివెట్లతో సహా అతుకుని పెకలించి, మచ్చలు పూడ్చి, గరుకు కాగితం పట్టి, పైన రంగు కొట్టి, దానికి పేరు సర్దడం. దొంగతనంగా ఇంట్లో గోడ పడగొట్టినవాడు కూడా రేపట్నుంచి సర్దానంటాడు.

"ఎవర్నడిగి?"

"అడిగితే ఒప్పుకుంటావా నువ్వు? డ్రాయింగులో లేదు. ఫోటో లేదు. రివెట్లు కొలతకి డబుల్ ఉన్నాయి. అంకె తలకిందులు. బాబాయి ఒక్క చూపులో సగం మార్కులు కోసేసేవాడు. నీ ఏడాది కష్టం ఒక అతుకు వల్ల బూడిదలో పోతుంటే చూస్తూ ఊరుకోనా?"

స్కేలు బాబాయి ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "నిజమేనమ్మా, ఫోటో ఉంటే వేరే సంగతి. లేకపోతే నేను దాన్ని తప్పు కింద రాయాల్సిందే" అన్నాడు. ఆయన మీద నాకే కోపమూ లేదు. ఆయన పని ఆయన చేస్తాడు. అడక్కుండా నా పెట్టె మీద చెయ్యి వేసింది ఆయన కాదు.

"నాకు మార్కులు కావాలని నీతో చెప్పానా? నాన్న చేతికివ్వాలని చెప్పాను. ఆ ముక్క కోసమే కట్టాన్రా మొత్తం పెట్టె! దాన్ని పీకేసి, నాకు ఫస్టు ప్రైజు ముష్టి వేస్తావా?"

"మెల్లగా మాట్లాడు, అందరూ చూస్తున్నారు."

"చూడనీ! చూడ్డానికేగా టిక్కెట్టు కొనుక్కుని వచ్చారు."

అన్నయ్య మొహం ఎర్రబడింది. దగ్గరికొచ్చి, పళ్ళ బిగువున అన్నాడు. "నీకేం, నువ్వు నాన్న చంకనెక్కి రివెట్లు తడిమావు. బడిలో ‘అతుకుల మేస్త్రి కొడుకు’ అనిపించుకుంది నేను. నా చొక్కా వెనక సుద్దముక్కతో తలకిందులుగా ఏడు రాసేవాళ్ళు, తెలుసా నీకు? చూసుకోకుండా ఇంటిదాకా అలాగే నడిచొచ్చేవాణ్ణి. అందరూ నవ్వింది చాల్లేదని, మళ్ళీ తీసుకొచ్చి ఊరందరి ముందు పెడతావా? నాన్న చేసిన ఒకే ఒక్క తప్పుని?"

నాకది తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు. సుద్దముక్క గీతలున్న చొక్కాతో నడిచొచ్చే చిన్నవాడు ఒక్క క్షణం కళ్ళ ముందు మెదిలాడు. పాపం అనిపించింది, నిజంగా అనిపించింది. కానీ నా కోపం మాత్రం వీసమంత కూడా తగ్గలేదు. వాడి అవమానం తుడుచుకోవడానికి నా పెట్టే దొరికిందా? నాన్న వేలే దొరికిందా?

"తీసిన ముక్క ఎక్కడ?" అన్నాను.

"పారేశాను."

కుర్చీ లాక్కుని ఆ బల్ల దగ్గరే కూర్చున్నాను. హ్యాండ్‌బ్యాగు బోర్లించి కొక్కెం తీశాను. చిన్నచిన్న రిపేర్ల కోసం పక్క బల్ల మీద బ్లేడూ, జిగురు సీసా పెట్టి ఉంటే మా ఆయన అడక్కుండానే తెచ్చి ముందు పెట్టారు. ఆ మనిషి భుజం దిగితే దిగింది గానీ బుర్ర తిన్నగానే ఉంది. ఇక కావలసింది రేకు. రేకు లేదు. హాలంతా వెతికినా ఒక్క ముక్క లేదు, అంతా కట్టేసినవే. నా కళ్ళు మెరుపుల అట్ట మీద పడ్డాయి. పల్చగా, గట్టిగా, కాస్త వంగేలా ఉంది.

"అమ్మా, ఒక్క మాట" అన్నాడు స్కేలు బాబాయి. "ఫలితం చెప్పాక పెట్టెలో మార్పు చేస్తే బహుమతి రద్దవుతుంది. రూలు."

"రద్దు చేసెయ్యండి బాబాయ్. అట్ట మాత్రం నాది" అని, ‘మొదటి బహుమతి’ని బ్లేడుతో అడ్డంగా కోసేశాను. హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. అన్నయ్య చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగాడు. అట్టముక్క తిరగేసి రుమాలు మీద పెట్టి కొక్కెంతో నొక్కడం మొదలుపెట్టాను. కోపంలో వరస చూసుకోలేదు. రివెట్లు ఒకటి పైకి, ఒకటి కిందకి పోతున్నాయి. పోనీ అనుకున్నాను. తలుపుకి కుడి పక్కన, కింది వరసకి కాస్త పైన అన్నయ్య వేసిన ఆ అందమైన రంగు మీద జిగురు రాశాను. ముక్క పెట్టి చూస్తే ఒక అంచు చిరిగినట్టుంది, గట్టి అంచు పైకి రావాలంటే తిరగెయ్యాలి. తిరగేశాను. దాని మీద ఉన్న సగం అక్షరాలు తలకిందులయ్యాయి.

తీసుకెళ్ళి నాన్న ఒళ్ళో పెట్టాను. "జిగురింకా తడిగా ఉంది నాన్నా."

వేలు తలుపు దాటింది. నెమ్మదించింది. ఆగింది.

ఆగిన వేలు కాసేపు కదల్లేదు. తర్వాత అతుకు అంచు చుట్టూ తిరిగింది, ఒక్కొక్క రివెట్టునీ ఎక్కి దిగింది. నాన్న కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఆ ముడి చూసి ఎంత కాలమైందో.

"ఇదేంటి, అట్టా?" అన్నాడు.

"అట్టే నాన్నా."

"ఇనప పెట్టెకి అట్టతో అతుకేస్తారా ఎవరన్నా? వరసేది? తాగినవాడు కొట్టినట్టున్నాయి. కింది మూల రివెట్టు ఏమైంది?"

"చోటు చాల్లేదు."

"నాకు మాత్రం చాలిందా? అయినా కొట్టలేదూ? ముందు ఉన్నదేమైంది? ఇందాక తడిమితే నున్నగా ఉంది, ఎవరి పెట్టో తెచ్చి చేతిలో పెట్టారనుకున్నాను. ఎవడు పీకాడు?"

నేను జిగురు సీసాకి మూత పెట్టాను. గోడ వైపు నుంచి అన్నయ్య, "నేనే నాన్నా" అన్నాడు.

"ఎందుకు?"

"తప్పుగా ఉందని."

"తప్పే!" నాన్న గొంతు హాలంతా మోగింది. షెడ్డులో సుత్తి చప్పుళ్ళ మీదుగా వినబడిన గొంతు అది. "కాదని ఎవరన్నారు? సరుకు కారిపోతోంది, బండి కదిలిపోతోంది, చేతికందిన రేకు కొట్టాను. తిరగబడిందని నాకు కనబడలేదనుకున్నావా? నవ్వారు, నవ్వుకోనీ. ఆ తర్వాత అందులోంచి ఒక్క గింజ రాలిందేమో అడుగు వాళ్ళని! అది నా తప్పురా. నేను కొట్టిన తప్పు. పీకడానికి నువ్వెవడివి?"

అన్నయ్య తల వంచుకున్నాడు. అంతమంది ముందు, కార్యదర్శి బ్యాడ్జీ పెట్టుకుని, చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు.

"ఇలా రా" అన్నాడు నాన్న. "అంచు లేస్తోంది, చేతికి తెలుస్తోంది. వేలు పెట్టు ఇక్కడ. అంత గట్టిగా కాదు, నలిగిపోతుంది. ఆఁ. అంటుకునేదాకా తియ్యకు."

అన్నయ్య ఆయన కాళ్ళ దగ్గర కింద కూర్చుని అతుకు మీద వేలు పెట్టాడు. నాన్న తన వేలు వాడి వేలి మీద పెట్టి, పక్కకి జరక్కుండా కాపలా కాశాడు. స్కేలు బాబాయి జేబులోంచి స్కేలు తీసి, ఏం కొలవాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నేను కొక్కెం బ్యాగులో పెట్టుకుంటున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఏదీ సరిగ్గా కనబడటం లేదు. "ఎలా ఉంది నాన్నా పెట్టె?" అని అడిగాను.

"ఎలా ఉందేంటి, ఛండాలంగా ఉంది" అన్నాడు మా నాన్న. "ఇంటికెళ్ళగానే ఈ అట్ట పీకేసి రేకుతో వెయ్యి. నేను పక్కన కూర్చుంటాను."